డీ7500 ఇప్పుడు కొనొచ్చా? మిడ్ రేంజ్ డీఎస్ఎల్ఆర్‌కు విలువ కట్టడం ఎలా

తెనాలిలో ఉండే మా పిన్ని కొడుకు ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "అక్కా, నికాన్ డీ7500 ఒకటి అమ్మకానికొచ్చింది. 18-140 లెన్స్‌తో కలిపి 48 వేలంటున్నారు. తీసుకోనా?" అని అడిగాడు. పిన్ని చీటీ పాడి ఎత్తిన డబ్బది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు తీసి ఏడాదిలో ఆ సొమ్ము తిరిగి రాబట్టాలన్నది వాడి లెక్క. రెండు రోజులు ఆగమన్నాను.

జర్నలిజం చదివి, కొన్నాళ్లు కెమెరా భుజాన వేసుకుని తిరిగినందుకు ఇలాంటి ఫోన్లు నాకు ఏడాదికి నాలుగైదు వస్తుంటాయి. డీఎస్ఎల్ఆర్‌ల కాలం అయిపోయిందని కొందరు కొట్టిపారేస్తారు. ఫొటో తీసేవాడి చేతిలో ఉంటుంది గానీ కెమెరాలో ఏముందని ఇంకొందరు అంటారు. రెండూ చెప్పడానికి బాగుంటాయి. డబ్బు పెట్టేవాడికి మాత్రం రెండూ అక్కరకు రావు. ఒకే కెమెరా ఒకరికి 48 వేలకు చవక, ఇంకొకరికి 30 వేలకు కూడా దండగ. ఎవరికి చవక, ఎవరికి దండగ అన్నది దాంతో ఏం తీస్తారు, ఏ లెన్సులు ఇప్పటికే చేతిలో ఉన్నాయి, ఆ యంత్రంలో ఇంకా ఎంత ఆయుష్షు మిగిలింది అనే మూడింటి మీద ఆధారపడి ఉంటుంది.

మిడ్ రేంజ్ అంటే ఏది?

మెగాపిక్సెల్స్‌ను బట్టి ఈ తరగతిని గుర్తుపట్టలేం. నికాన్‌లో చవక రకమైన డీ3500 కు 24.2 మెగాపిక్సెల్స్ ఉంటే, అంతకన్నా చాలా ఖరీదైన డీ7500 కు ఉన్నవి 20.9. తేడా అంతా కెమెరా ఒంట్లో ఉంటుంది. మన దగ్గర మొదటి కెమెరాగా ఎక్కువమంది కొన్న కెనాన్ 1500డీ, నికాన్ డీ3500 లాంటి వాటిలో వ్యూఫైండర్‌కు కాంతిని పంపేది అద్దాల అమరిక. మిడ్ రేంజ్‌లో ఆ పని చేసేది గాజు ప్రిజమ్. అందువల్ల దృశ్యం పెద్దగా, వెలుతురుగా కనిపిస్తుంది. షట్టర్ వేగానికి ఒకటి, అపెర్చర్‌కు ఒకటి చొప్పున రెండు చక్రాలుంటాయి. కంటి దగ్గర నుంచి కెమెరా దించకుండానే రెండూ మార్చుకోవచ్చు. చినుకులకు, దుమ్ముకు కొంత తట్టుకునే సీలింగ్ ఉంటుంది. వరసగా ఫొటోలు తీసే వేగం పెరుగుతుంది.

ఈ తరగతిలో ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి నాలుగు. నికాన్ నుంచి 2015లో వచ్చిన డీ7200, 2017లో వచ్చిన డీ7500. కెనాన్ నుంచి 2016లో వచ్చిన 80డీ, 2019 ఆగస్టులో ప్రకటించిన 90డీ. నాలుగింటిలోనూ ఉన్నది ఏపీఎస్-సీ సెన్సరే. డీ7500 సెన్సర్ కొలత 23.5 × 15.7 మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్లలో గొప్పగా చెప్పుకునే 'ఒక అంగుళం' సెన్సర్ వైశాల్యానికి ఇది మూడు రెట్లకు పైనే. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ దీనికి రెండున్నర రెట్లకు కాస్త తక్కువ.

డీ7500 కు ఇంతవరకు వారసుడు రాలేదు. 90డీ కి కూడా అంతే. నికాన్, కెనాన్ రెండూ 2020 తర్వాత ఒక్క కొత్త డీఎస్ఎల్ఆర్ కూడా విడుదల చేయలేదు. ఆ దారిలో పట్టుబట్టి నిలబడిన పేరున్న కంపెనీ పెంటాక్స్ ఒక్కటే. దాని లెన్సులు, సర్వీసు మన ఊళ్లలో దొరకడం కష్టం కాబట్టి ఇక్కడ దాన్ని పక్కన పెడుతున్నాను.

చవకగా ఎందుకొస్తున్నాయి?

2018లో నికాన్ జడ్ వరసను, కెనాన్ ఆర్ వరసను మొదలుపెట్టాయి. ఇవి అద్దంలేని కెమెరాలు, అందుకే మిర్రర్‌లెస్ అంటున్నాం. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక వాలుగా ఒక అద్దం ఉంటుంది. అది కాంతిని పైకి, మన కంటికి పంపుతుంది. మీట నొక్కగానే పైకి లేస్తుంది, అప్పుడే సెన్సర్‌కు కాంతి తగులుతుంది. ఆ 'టక్' చప్పుడు దానిదే. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ ఎప్పుడూ దృశ్యాన్ని చూస్తూనే ఉంటుంది. అందుకే ముఖాన్ని, కంటిని వెతికి పట్టుకుని ఫోకస్‌ను అక్కడే నిలపగలుగుతుంది. ఫొటో ఎలా రాబోతోందో తీయకముందే వ్యూఫైండర్‌లో కనిపిస్తుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా మిర్రర్‌లెస్ కెమెరాల అమ్మకాలు డీఎస్ఎల్ఆర్‌లను దాటిపోయాయి.

మన పెళ్లి ఫొటోగ్రాఫర్లూ అటే మళ్లారు. వాళ్లు మారినప్పుడల్లా పాత కెమెరాలు రెండో చేతికి వస్తాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌధరి, కోల్‌కతాలోని మెట్రో గల్లీ, హైదరాబాద్ కోఠి... ఎక్కడ చూసినా కథ ఇదే. కాబట్టి ధర పడిపోవడానికి కారణం కెమెరా చెడిపోవడం కాదు, యజమాని మారిపోవడం. కొనేవాడికి ఇది శుభవార్తే, ఒక షరతు మీద. మీరు కొన్న ధరకు దగ్గరలో రేపు అమ్ముకోవచ్చనే ఆశ పెట్టుకోకూడదు. ఈ కెమెరాలను వాడి వాడి అరగదీయడానికే కొనాలి.

కొత్తది కొనాలా అంటే నా జవాబు వద్దనే. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అయినా పూర్తి ధర పెట్టి ఇప్పుడు కొత్త మిడ్ రేంజ్ డీఎస్ఎల్ఆర్ కొంటే బిల్లు చేతికొచ్చిన రోజే అందులో పెద్ద ముక్క కరిగిపోతుంది. అదే డబ్బుకు చిన్న మిర్రర్‌లెస్ ఒకటి వస్తుంది. ఇక వాడినదాని ధర ఎంతవరకు న్యాయం? నేను పెట్టుకున్న గీత ఒకటుంది. కిట్ లెన్స్‌తో కలిపి కొత్తగా దొరికే చవక మిర్రర్‌లెస్ ధర తెలుసుకోండి. వాడిన డీఎస్ఎల్ఆర్ అందులో అరవై శాతం దాటితే బేరం ఆపేయండి. ఇది శాస్త్రం కాదు, నా అనుభవం చెప్పే లెక్క మాత్రమే.

ఫొటో వరకు చూస్తే

ఫొటో నాణ్యతలో డీ7500 ఈరోజుకీ తక్కువది కాదు. నికాన్ ఖరీదైన డీ500 లో పెట్టిన సెన్సరే ఇందులోనూ ఉంది. ఆ తర్వాత 2019లో వచ్చిన జడ్50, 2024 చివర్లో వచ్చిన జడ్50-2 కూడా 20.9 మెగాపిక్సెల్ కెమెరాలే. మెగాపిక్సెల్స్ మీద బెంగ ఉన్నవాళ్లకు మన పెళ్లి ఆల్బమ్ కొలతే సమాధానం చెబుతుంది. స్టూడియోలు మామూలుగా ఇచ్చే 12 × 36 ఆల్బమ్‌లో ఒక పేజీ 12 × 18 అంగుళాలు. డీ7500 ఫొటోలో 5568 × 3712 పిక్సెల్స్ ఉంటాయి. అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చువేస్తే 18.6 × 12.4 అంగుళాలు వస్తుంది. పేజీ నిండా సరిగ్గా సరిపోతుంది. 90డీ లో 32.5 మెగాపిక్సెల్స్ ఉన్నాయి. దూరపు పిట్టను ఫొటోలోంచి కత్తిరించి పెద్దది చేసుకునేవాళ్లకు ఆ అదనం ఉపయోగమే. పెళ్లికి వెళ్లి రెండు వేల ఫొటోలు తీసేవాడికి మాత్రం అది హార్డ్ డిస్క్ ఖర్చు.

అసలు పక్షులు తీసేవాళ్లకే ఈ తరగతి ఇప్పుడు బాగా గిట్టుబాటని నా అభిప్రాయం. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోనో, నేలపట్టులోనో పొద్దున్నే నిలబడి గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను తీయాలంటే పొడుగు లెన్స్ కావాలి, వేగం కావాలి. డీ7500 సెకనుకు 8 ఫొటోలు తీస్తుంది, రా ఫార్మాట్‌లో కూడా ఆగకుండా 50 వరకు లాగుతుంది. 90డీ సెకనుకు 10 తీస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ వల్ల నికాన్‌లో 500 ఎంఎం లెన్స్ ఫుల్ ఫ్రేమ్‌లో 750 ఎంఎం ఇచ్చేంత దగ్గరగా చూపిస్తుంది. నికాన్ 200-500 లాంటి లెన్స్ వాడినది దొరికితే, ఆ కెమెరా, ఆ లెన్స్ కలిపి అయ్యే ఖర్చులో మిర్రర్‌లెస్ వైపు అంత దూరం చూసే జత దొరకడం కష్టం. పైగా బ్యాటరీ. పరిశ్రమ ప్రమాణం ప్రకారం డీ7500 ఒక్క చార్జికి 950 ఫొటోలు, 90డీ 1300 ఫొటోలు తీస్తాయి. జడ్50 సుమారు 300 దగ్గర ఆగుతుంది. వ్యూఫైండర్‌కు కరెంటే అక్కర్లేని కెమెరా చెరువు గట్టు మీద మూడు గంటలు నిశ్చింతగా కాచుకుని ఉంటుంది.

బరువు ఒకటి గుర్తుంచుకోవాలి. బ్యాటరీ, కార్డుతో డీ7500 సుమారు 720 గ్రాములు. 18-140 లెన్స్ తగిలిస్తే కిలో రెండువందలకు చేరుతుంది. షాపులో రెండు నిమిషాలు పట్టుకుంటే తెలియదు, గంట మెడలో వేసుకుంటే తెలుస్తుంది.

పెళ్లిళ్లు తీసి సంపాదిద్దామనుకునేవాళ్లకు

ఇక్కడే మా తమ్ముడి లెక్క తప్పింది. డీ7500 లో మెమరీ కార్డు పెట్టే చోటు ఒక్కటే ఉంది. దానికన్నా రెండేళ్లు పాతదైన డీ7200 లో రెండున్నాయి. కంపెనీ ఎందుకు తగ్గించిందోగానీ, కొనేవాడు మాత్రం దీన్ని చిన్న విషయంగా చూడకూడదు. రెండు కార్డులుంటే ప్రతి ఫొటో రెండు చోట్ల పడుతుంది. ఒక్క కార్డే ఉండి, అది జీలకర్ర బెల్లం వేళకు మొండికేస్తే ఆ ముహూర్తాన్ని మళ్లీ పెట్టించలేం. తీసుకున్న అడ్వాన్సు వెనక్కి ఇచ్చినంత మాత్రాన ఆ కుటుంబానికి జరిగిన నష్టం తీరదు, ఊళ్లో పోయిన పేరు తిరిగి రాదు. కెనాన్ 80డీ, 90డీ లలోనూ ఒకే కార్డు. కెనాన్‌లోనే రెండు కార్డులు కావాలంటే 2014లో వచ్చిన 7డీ మార్క్-2 చూసుకోవాలి. అందులో ఒకటి పాతకాలపు సీఎఫ్ కార్డు, దాన్ని ఇప్పుడు వెతుక్కోవాలి.

రాత్రి ముహూర్తాల సంగతీ ఉంది. ఫంక్షన్ హాళ్లలో ఎల్ఈడీ దీపాలు కంటికి తెలియకుండా మిణుకుతుంటాయి. ఫొటోలో ఆ మిణుకు సగం ముఖం మీద నీడలా పడుతుంది. డీ7500 లోనూ, కెనాన్ రెండింటిలోనూ ఈ మిణుకును కనిపెట్టి, వెలుతురు ఎక్కువున్న క్షణంలో షట్టర్ తెరిచే సదుపాయం ఉంది. డీ7200 లో లేదు. అంటే డీ7500 లో ఉన్నది డీ7200 లో లేదు, డీ7200 లో ఉన్నది డీ7500 లో లేదు. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవాడైతే నేను రెండు కార్డులకే ఓటేస్తాను. మిణుకును షట్టర్ వేగం తగ్గించి కొంతవరకు సర్దుకోవచ్చు. కార్డు పోతే సర్దుకునేదేమీ లేదు.

అదే డబ్బుకు ఇంకాస్త కలిపి వాడిన ఫుల్ ఫ్రేమ్ నికాన్ డీ750 తీసుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది 2014 నాటిది, రెండు కార్డులుంటాయి, తక్కువ వెలుతురులో ఏపీఎస్-సీ కెమెరాల కన్నా మెరుగు. సలహా మంచిదే. అయితే షట్టర్ సమస్య వల్ల కొన్ని సీరియల్ నంబర్ల డీ750 లకు నికాన్ ఉచితంగా మరమ్మతు చేసింది. కొనే ముందు ఆ నంబరు సరిచూసుకోవాలి. ఏపీఎస్-సీ కోసమే చేసిన లెన్సులు దాని మీద పూర్తి ఫ్రేమ్‌ను నింపలేవన్నదీ మరిచిపోకూడదు.

వీడియో కావాలంటే

ఒకప్పుడు ఈ కెమెరాలే మన కుర్రాళ్ల చేతికి సినిమాను తెచ్చాయి. 2008లో కెనాన్ 5డీ మార్క్-2 వచ్చాక డీఎస్ఎల్ఆర్‌తో సినిమా తీయొచ్చన్న ధైర్యం పుట్టింది. రామ్‌గోపాల్ వర్మ 2011లో 'దొంగల ముఠా'ను ఐదు రోజుల్లో 5డీ కెమెరాలతో చుట్టేశారు. తెలుగు షార్ట్ ఫిల్మ్‌ల వెల్లువ అంతా ఆ రోజులదే.

ఆ జ్ఞాపకంతో ఇప్పుడు డీ7500 కొంటే నిరాశే. 4కే వీడియో ఉందని పెట్టె మీద రాసి ఉంటుంది. నిజమే, కానీ 4కే తీసేటప్పుడు ఫ్రేమ్ ఇంకా ఒకటిన్నర రెట్లు కుంచించుకుపోతుంది. చిన్న గదిలో నలుగురిని ఒక ఫ్రేమ్‌లో పట్టడానికి గోడకు ఆనుకోవాల్సి వస్తుంది. వీడియోలో ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ తచ్చాడుతుంది. ఈ విషయంలో కెనాన్ చాలా ముందుంది. 2013లో 70డీ తో తెచ్చిన డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ 80డీ, 90డీ లలో కూడా మెత్తగా, నమ్మకంగా పనిచేస్తుంది. 80డీ లో 4కే లేదు. 90డీ లో ఉంది, ఫ్రేమ్ కుంచించుకుపోకుండా. ఫొటోతో పాటు యూట్యూబ్ కూడా అనుకునేవాళ్లు డీఎస్ఎల్ఆరే కొనాలంటే 90డీ కొనాలి. వీడియోనే ప్రధానమైతే ఈ తరగతి జోలికే పోవద్దు.

ముందు లెన్సు, తర్వాతే కెమెరా

ఇంట్లో బీరువాలో నాన్నగారివో మామయ్యవో పాత నికాన్ లెన్సులుంటే మిడ్ రేంజ్ కెమెరా విలువ ఒక్కసారిగా మారిపోతుంది. పాత ఏఎఫ్-డీ రకం లెన్సుల్లో ఫోకస్ మోటారు ఉండదు, దాన్ని తిప్పే మోటారు కెమెరాలో ఉండాలి. డీ7200, డీ7500 లలో అది ఉంది. డీ3500, డీ5600 లలో లేదు. జడ్ కెమెరాలకు నికాన్ అమ్మే ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లోనూ లేదు. అంటే ఆ చవకైన 50 ఎంఎం ఎఫ్/1.8డీ లెన్స్ డీ7500 మీద చకచకా ఫోకస్ అవుతుంది, కొత్త మిర్రర్‌లెస్ మీద మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ఇంకా పాత, పూర్తిగా చేత్తో తిప్పే లెన్సులైతే డీ7200 వెలుతురు కొలిచి చెబుతుంది, డీ7500 చెప్పదు. కెనాన్ వైపు ఈ గందరగోళం లేదు. ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులన్నీ అడాప్టర్‌తో ఆర్ కెమెరాల మీద పనిచేస్తాయి. కాబట్టి కెనాన్ లెన్సుల మీద ఇప్పుడు పెట్టే డబ్బు రేపు మిర్రర్‌లెస్‌కు మారినా వృథా కాదు. నికాన్‌లో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ రకాలు చూసుకుని కొంటే అంతే.

లెన్సుల్లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. బడ్జెట్ మొత్తం కెమెరాకే పోసి, 18-55 తో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. మిడ్ రేంజ్ ఒళ్లు, కిట్ లెన్స్ కన్నా, చవక ఒళ్లు, 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఎక్కువ మంచి ఫొటోలు ఇస్తాయి. బౌన్స్ చేయగల ఒక ఫ్లాష్, అదనపు బ్యాటరీ, రెండు మంచి కార్డులు, సంచీ కలిపితే కెమెరా ధరలో ఇంకో సగం అవుతుంది. 48 వేల కెమెరా నిజానికి 70 వేల వ్యవహారం.

చేతిలోకి తీసుకున్నాక

బేరానికి వెళ్లేటప్పుడు మీ సొంత మెమరీ కార్డు, ఫోన్, వీలైతే ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. పగటిపూట వెళ్లండి.

ముందు షట్టర్ లెక్క. ఇది కారు ఓడోమీటర్ లాంటిది. కెనాన్ 90డీ షట్టర్‌ను లక్షా 20 వేల ఫొటోలకు, నికాన్ డీ7200 షట్టర్‌ను లక్షన్నరకు పరీక్షించారు. ఆ అంకె దాటగానే ఆగిపోతుందని కాదు, దాటాక ఎప్పుడైనా ఆగవచ్చని. నికాన్ అయితే ఒక జేపెగ్ తీసి, ఫొటోలో దాగిన వివరాలు చదివే ఏ వెబ్‌సైట్‌లోనైనా వేస్తే లెక్క తెలిసిపోతుంది. ఈ కెనాన్ కెమెరాల్లో ఫొటో ఫైల్లో ఆ లెక్క ఉండదు, కెమెరాను కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. "మా వాడు ఇంట్లోనే వాడాడండీ, పదివేలు కూడా తీసి ఉండడు" అనే మాటను విని నవ్వి, లెక్క చూడండి.

తర్వాత బూజు. కాకినాడ, విశాఖ, చెన్నై లాంటి తేమ ఊళ్లలో సంచీలో మూసిపెట్టిన లెన్సుకు ఇది ప్రధాన శత్రువు. లెన్స్ రెండు మూతలూ తీసి, ఒకవైపు నుంచి ఫోన్ టార్చి వేసి, రెండోవైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఆ లెన్స్ ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. రెండు మూడు దుమ్ము రేణువులకు మాత్రం కంగారు పడక్కర్లేదు.

సెన్సర్ మీద మచ్చలు చూడాలంటే అపెర్చర్ ఎఫ్/16 కు పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీయండి. కనిపించే నల్లచుక్కలు శుభ్రం చేస్తే పోతాయి, గీతలైతే పోవు. లెన్స్ క్యాప్ పెట్టి పది సెకన్ల ఫొటో ఒకటి తీస్తే చెడిపోయిన పిక్సెళ్లు రంగుచుక్కలుగా తేలతాయి. ఫోకస్ కచ్చితంగా ఉందో లేదో తెలియాలంటే న్యూస్ పేపర్‌ను బల్ల మీద పరిచి, ఏటవాలుగా నిలబడి, మధ్య వరస మీద ఫోకస్ చేసి చూడండి. పదును ముందు వరసకో వెనక వరసకో పోతుంటే, మెనూలో సరిదిద్దుకునే వీలు ఈ తరగతి కెమెరాల్లో ఉంది. సరిచేయబోతే అమ్మేవాడు అడ్డుపడితే అనుమానించాలి.

చివరిగా బిల్లు. పెట్టె లేకపోయినా ఫర్వాలేదు, బిల్లు మీద సీరియల్ నంబరు కెమెరా మీద ఉన్నదానితో కలవాలి. దొంగ సరుకైతే పోలీసులు కొన్నవాడి ఇంటికే వస్తారు. అధికారిక దారిలో కాకుండా బయటి దేశాల నుంచి వచ్చిన కెమెరాలకు ఇక్కడి వారంటీ దక్కకపోవచ్చు.

కొనకముందు ఒక రోజు అద్దెకు తీసుకుని చూడటం అన్నిటికన్నా చవకైన పరీక్ష. నగరాల్లో కెమెరాలు అద్దెకిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు.

తమ్ముడు ఆదివారం వెళ్లి ఆ డీ7500 చూశాడు. షట్టర్ లెక్క లక్షా 12 వేలు. లెన్స్ అంచున సన్నటి పోగు. అమ్మే అతను 41 వేలకు దిగాడట. వీడు తీసుకోలేదు. ఊళ్లో ఒక స్టూడియో అతని దగ్గర సీజన్‌కు రెండో కెమెరా మనిషిగా కుదిరాడు, కెమెరా వాళ్లదే. చీటీ డబ్బు ఇంకా పిన్ని దగ్గరే ఉంది. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి డీ7200 గురించి.